వర్షచ్ఛాయలో నాలుగు రోజులు

దక్షిణ కాలిఫోర్నియాలో ఉన్న మన కుటుంబాలు ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళకు చూపించే చోట్లకు ఒక వరస ఏర్పడిపోయింది. మొదట మాలిబు గుడి, తరువాత డిస్నీలాండ్, ఆపైన లాస్ వేగాస్ మీదుగా గ్రాండ్ కాన్యన్, ఇంకా సెలవు మిగిలితే యోసెమిటీ. డెత్ వ్యాలీ ఈ వరసలో సాధారణంగా ఉండదు. మృత్యులోయ అని పేరు పెట్టుకున్న చోటికి ముసలివాళ్ళను తీసుకుపోవడమేమిటని అనుకోవడం సహజమే. మేము కిందటి అక్టోబరులో యోసెమిటీని, డెత్ వ్యాలీని ఒకే ప్రయాణంలో, అదీ పడమటి నుంచి తూర్పుకు వరసగా చూసి వచ్చాము. ఈ దిక్కు ముఖ్యం. పసిఫిక్ మీద పుట్టిన చలికాలపు వానగాలి వెళ్ళే దారి అదే. ఆ దారి వెంట కారులో వెళితే, ఒక కొండల బారు వాననంతా తానే పిండుకుని అవతలి వైపు ఎడారిని ఎలా మిగులుస్తుందో నాలుగు రోజుల్లో కళ్ళారా చూడవచ్చు.

కారులో మేము ఐదుగురం. మేమిద్దరం కర్నూలులో వైద్యం చదువుకుని వచ్చినవాళ్ళం, పిల్లలిద్దరు, ఆరు నెలలకని వచ్చిన మా నాన్నగారు. ఆయనది అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం ప్రాంతం. యాభై ఏళ్ళు శెనక్కాయ పండించిన మనిషి. ఆయన చేలో నాలుగు బోర్లు వేయించారు, నాలుగూ ఎండిపోయాయి. సరిగ్గా మేము బయలుదేరే ముందు ఊరినుంచి తమ్ముడు ఫోను చేశాడు. గుట్ట మీది భూమి గాలిమరల కంపెనీ ఒకటి బాడుగకు అడుగుతున్నదట. ఆ డబ్బుతో ఐదో బోరు వేయిద్దామా, లేక మొత్తం భూమి అమ్మేసి అనంతపురంలో ఇల్లు కొందామా అని వాడి ప్రశ్న. ఆలోచించి చెబుతానన్నారు నాన్నగారు. ఆ ఆలోచన కూడా మాతోపాటు కారులో ఎక్కింది.

మొదటి రోజు ఫ్రెస్నో దాకా 99వ నంబరు రోడ్డు. రెండు పక్కలా మైళ్ళ కొద్దీ బాదం తోటలు, ద్రాక్ష తోటలు. సముద్రానికీ ఈ మైదానానికీ నడుమ తీరపు కొండలు అడ్డు ఉన్నాయి కనుక ఇది కూడా ఒక చిన్న చాటు ప్రాంతమే. ఫ్రెస్నోలో ఏడాది మొత్తానికి పడే వాన సుమారు 11 అంగుళాలు. ఆ మాట చెప్పగానే నాన్నగారు నమ్మలేదు.

"మన జిల్లాలో దీనికి రెండింతలు పడతాది గదరా. మరి ఈ పచ్చన యాడిదిరా?" అన్నారు.

లెక్క నిజమే. అనంతపురం సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు, అంటే 22 అంగుళాలు. దీనికి జవాబు ఆయనకు మరునాడు కొండ మీద చూపిస్తామన్నాము. సగం జవాబు మాత్రం అక్కడే ఉంది, అది అంత సంతోషించేది కాదు. ఈ మైదానంలో బోర్లతో తోడిన తోడుడుకు మెండోటా అనే ఊరి దగ్గర 1925కీ 1977కీ మధ్య నేల సుమారు 28 అడుగులు కుంగింది. కింద ఉన్న బంకమట్టి పొరల్లోని నీళ్ళు పోయి, ఆ పొరలు అణగిపోయాయి. మళ్ళీ నీళ్ళు పెట్టినా అవి లేవవు. నాన్నగారు ఆ సంగతి రెండుసార్లు చెప్పించుకుని విన్నారు.

ఫ్రెస్నో నుంచి 41వ నంబరు రోడ్డు సియెర్రా నెవాడా కొండల్లోకి ఎక్కుతుంది. ఈ కొండల బారు ఉత్తరం నుంచి దక్షిణానికి సుమారు 400 మైళ్ళు. దీని ఆకారం గుర్తు పెట్టుకోవాలి. పడమటి వైపు వాలు నిదానం, ఎక్కడానికి యాభై అరవై మైళ్ళు పడుతుంది. తూర్పు వైపు గోడలాగా ఒక్కసారిగా దిగిపోతుంది. మన ఊళ్ళలో తలుపు సందుకు పెట్టే చెక్కమేకు ఆకారం అనుకోవచ్చు. ఎక్కుతున్నకొద్దీ మొదట ఎండిన గడ్డి, తరువాత సిందూర చెట్లు, ఆపైన పైన్ వృక్షాలు, చివరికి మారిపోసా వనంలో సికోయా మహావృక్షాలు. గ్రిజ్లీ జెయంట్ అనే చెట్టు కింద నిలబడి నాన్నగారు టోపీ పట్టుకుని పైకి చూశారు. దాని ఎత్తు 209 అడుగులు, వయస్సు సుమారు 3,000 ఏళ్ళు. ఈ జాతి చెట్లు సహజంగా ప్రపంచంలో సియెర్రా పడమటి వాలు మీద తప్ప మరెక్కడా పెరగవు. తూర్పు వాలు మీద ఒక్కటీ లేదు. మేము వెళ్ళిన అక్టోబరులో రెండు వైపులా వాన లేదు. కాలిఫోర్నియాలో వానలు నవంబరు నుంచి మార్చి దాకానే. అయినా వాన ఎటు పడుతుందో చెట్లే చెబుతున్నాయి.

రెండో రోజు టయోగా కనుమ. యోసెమిటీకి వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది లోయ చూసి వెనక్కు తిరుగుతారు. మా అభిప్రాయంలో అసలు యోసెమిటీ ఈ రోడ్డు మీదే ఉంది. కనుమ ఎత్తు 9,943 అడుగులు. ఎనిమిదివేల అడుగులు దాటేసరికి మా చిన్నవాడి ఒడిలోని చిప్స్ పొట్లం ఉబ్బి బూరె అయింది. పేలుతుందేమోనని వాడికి భయం, సంతోషం. పై ఎత్తున గాలి ఒత్తిడి తక్కువ కనుక లోపలి గాలి వ్యాపించింది. పర్వతం ఎక్కే గాలికీ జరిగేది అదే. వ్యాపించిన గాలి చల్లబడుతుంది. సైకిలుకు గాలి కొడితే పంపు వేడెక్కడం అందరం ఎరిగిందే, ఇది దానికి తిరగేసిన సంగతి. పొడి గాలి ప్రతి వెయ్యి మీటర్లకూ సుమారు 10 డిగ్రీల సెంటీగ్రేడు చల్లబడుతుంది. చల్లబడ్డ గాలి అంత తేమను మోయలేదు. తేమ మబ్బు అవుతుంది, మబ్బు వానో మంచో అవుతుంది.

ఇంతవరకు స్కూలు పాఠమే. తమాషా ఇక్కడ మొదలవుతుంది. ఇడ్లీ పాత్ర మూత తీసేటప్పుడు ఆవిరి చేతికి తగిలితే, మరిగిన నీళ్ళు పడ్డదానికంటే ఎక్కువగా కాలుతుంది. ఎమర్జెన్సీ గదిలో పనిచేసిన డాక్టరును ఎవరినడిగినా చెబుతారు. ఒక గ్రాము ఆవిరి నీరుగా మారేటప్పుడు 540 కేలరీల వేడిని వదులుతుంది, ఆ వేడి చర్మానికి చేరుతుంది. పర్వతం మీద ఆవిరి మబ్బుగా మారేటప్పుడు కూడా ఆ వేడి ఎక్కడికీ పోదు, గాలికే చేరుతుంది. అందుకని మబ్బు కట్టడం మొదలైన తరువాత గాలి వెయ్యి మీటర్లకు సుమారు 6 డిగ్రీలే చల్లబడుతుంది. అవతల దిగేటప్పుడు మాత్రం, నీళ్ళు పడిపోయాయి కనుక, పూర్తి 10 డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది.

పెద్దమ్మాయి చేత లెక్క కట్టించాము. సముద్ర మట్టంలో 20 డిగ్రీల గాలి బయలుదేరింది. వెయ్యి మీటర్ల దగ్గర మబ్బు కట్టింది, అప్పటికి 10 డిగ్రీలు. అక్కడినుంచి ఇంకో రెండువేల మీటర్లు ఎక్కేసరికి సున్నాకు 2 డిగ్రీలు కింద. ఆ నీటినంతా దించేసి మూడువేల మీటర్లు అవతలికి దిగితే 28 డిగ్రీలు. బయలుదేరినప్పటికంటే 8 డిగ్రీలు ఎక్కువ వేడి, దానికితోడు ఎండిపోయిన గాలి. ఆ గాలి నేలకు తేమ ఇవ్వకపోగా, ఉన్న తేమను పీల్చుకుంటుంది. అంటే కొండ చాటున వాన తక్కువ అనడం సగం మాటే. అక్కడి ఎండకూ కొండే ఆజ్యం పోస్తుంది. మన తెలుగు వాచకాల్లో దీనికి వర్షచ్ఛాయ అని మంచి పేరు పెట్టారు కాని, ఛాయ అనగానే నీడ, చల్లదనం స్ఫురిస్తాయి. ఇక్కడ ఉన్నది ఎండ.

కనుమ మీద కారు ఆపి నాన్నగారి నాడి, ఊపిరి ఒకసారి చూశాము. బాగానే ఉన్నారు. ఆయనకు ఫ్రెస్నో ప్రశ్నకు జవాబు అక్కడ చెప్పాము. చలికాలంలో ఈ చుట్టుపక్కలంతా పెద్దపెద్ద అడుగుల్లో మంచు పేరుకుంటుంది. అది మార్చిలోనో ఏప్రిల్‌లోనో కరగడం మొదలై, జూన్ జూలై దాకా కొంచెం కొంచెంగా దిగుతుంది. కాలిఫోర్నియా వాడుకునే నీటిలో సుమారు 30 శాతం ఈ మంచుదే. ఏ ఆనకట్టా కట్టకుండానే కొండ తన నెత్తిమీద ఆరునెలలు నీళ్ళు నిలవ ఉంచి, పైరుకు కావలసిన ఎండాకాలంలో వదులుతుంది. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "మన కొండలకు ఆ గుణం ల్యాకపాయె" అన్నారు.

మన కొండలంటే పడమటి కనుమలు. వాటి మొనల మీద కర్ణాటకలోని ఆగుంబెలో ఏడాదికి 7,000 మిల్లీమీటర్లకు పైగా వాన. అక్కడికి సుమారు 300 కిలోమీటర్ల దూరంలో అనంతపురంలో 550. నైరుతి గాలి కనుమల మీద బరువు దించుకుని, తేలికపడి, ఆషాఢంలో మా జిల్లా మీదుగా హోరుమని పోతుంది. మబ్బులు కనిపిస్తాయి, ఆగవు. చిన్నప్పుడు ఆ గాలికి తలుపులు కొట్టుకోవడం, పొలంలో దుమ్ము కళ్ళలో పడడం మాకు బాగా గుర్తు. హగరి ఒడ్డున బొమ్మనహాళ్, కణేకల్లు వైపు ఆ గాలి ఏటి ఇసుకను దిబ్బలుగా పోసి పొలాలమీదికి తోలింది. ఈశాన్య వానలైనా వస్తాయా అంటే, బంగాళాఖాతం దూరం కనుక అవి మా దాకా వచ్చేసరికి నీరసపడతాయి. ఇప్పుడు అదే నైరుతి గాలికి కంపెనీవాళ్ళు మరలు నాటుతున్నారు. "వాన తేని గాలి బాడుగ తెస్తాదంట" అని నాన్నగారు నవ్వారు.

ఎడారులన్నిటికీ కొండలే కారణమనుకోకూడదు. సహారాకు గాని మన థార్‌కు గాని ముఖ్య కారణం అది కాదు, ఆ అక్షాంశాల్లో పైనుంచి దిగే పొడి గాలి. అరావళీ కొండలు నైరుతి గాలికి ఎదురుగా నిలబడక పక్కగా పడుకున్నాయి కనుక వాననైనా దింపవు. కాని లదాఖ్‌ది మాత్రం అచ్చమైన కొండ చాటే.

టయోగా నుంచి లీ వైనింగ్ ఊరు పన్నెండు మైళ్ళు, దిగుడు మూడువేల అడుగులకు పైగా. ఆ పన్నెండు మైళ్ళలో అడవి ఐపోయింది. కింద మొత్తం బూడిదరంగు తుప్పలు, వాటికి ఘాటైన వాసన, మధ్యలో మోనో సరస్సు. బయటికి దారిలేని సరస్సు కనుక నీళ్ళు సముద్రంకంటే రెండు మూడింతలు ఉప్పన. మధ్యలో సున్నపు స్తంభాలు పుట్టల్లాగా నిలబడి ఉంటాయి. ఇవి నీటి అడుగున తయారైనవి. మనకు కనిపిస్తున్నాయంటే నీరు దిగిపోయిందన్నమాట. 1941 నుంచి లాస్ ఏంజెలెస్ నగరం ఈ సరస్సులో కలిసే ఏళ్ళను మళ్ళించింది. 1982 నాటికి సరస్సు మట్టం సుమారు 45 అడుగులు తగ్గింది. 1978లో కొందరు యువకులు మోనో సరస్సు కమిటీ అని పెట్టి కోర్టులకెక్కారు. 1994లో రాష్ట్ర జలమండలి సరస్సు 6,392 అడుగుల మట్టానికి చేరాలని ఉత్తర్వు ఇచ్చింది. ముప్ఫై ఏళ్ళు దాటినా ఇంకా చేరలేదు.

ఇక్కడినుంచి దక్షిణానికి 395వ నంబరు రోడ్డు. దీనికంటే అందమైన రోడ్డు మేము ఈ దేశంలో చూడలేదు. కుడిచేతి వైపు రోజంతా సియెర్రా గోడ. ఎడమచేతి వైపు వైట్ మౌంటెన్స్ అనే మరో బారు. నడుమ ఓవెన్స్ లోయ. బిషప్ ఊళ్ళో ఏడాది వాన సుమారు 5 అంగుళాలు. అదే అక్షాంశంలో కొండకు అవతల అడవులు. సాయంత్రం కొండల పైన ఒక మబ్బు దోసెలాగా, అంచులు నున్నగా, కదలకుండా నిలబడింది. గాలి కొండను దాటి అలలాగా లేచిపడుతుంటే ఆ అల నెత్తిన ఇలాంటి మబ్బు కడుతుంది. గాలి దానిలోనుంచి పోతూనే ఉంటుంది, మబ్బు మాత్రం అక్కడే ఉంటుంది. 1951-52లలో ఈ అలను పరిశోధించడానికి బిషప్ నుంచి గ్లైడర్లు ఎగరేశారు.

మూడో రోజు పొద్దున బిగ్ పైన్ నుంచి వైట్ మౌంటెన్స్ మీదికి ఎక్కాము. సియెర్రా చాటున పడ్డ ఈ కొండల మీద పదివేల అడుగుల ఎత్తున బ్రిసిల్‌కోన్ పైన్ చెట్లు ఉన్నాయి. మారిపోసా వనంలో తలెత్తి చూడాలి, ఇక్కడ మన ఎత్తుకు కొంచెం పైన. మెలికలు తిరిగిన మొద్దు, సగం చచ్చిన బెరడు, ఒక్క కొమ్మకు పచ్చని సూదులు. వీటిలో మెతూసెలా అని పేరు పెట్టిన చెట్టుకు 4,800 ఏళ్ళకు పైగా వయస్సు. అది ఏదో గుర్తు చెప్పరు, జనం తాకి పాడుచేస్తారని. నీళ్ళు తక్కువైనందున ఇవి అతి నెమ్మదిగా పెరుగుతాయి. నెమ్మదిగా పెరిగినందున కలప గట్టిపడి, బంక పట్టి, పురుగుకూ కుళ్ళుకూ లొంగదు. తడి వైపు మహావృక్షం మూడువేల ఏళ్ళది, పొడి వైపు మరుగుజ్జు దానికంటే ఎంతో పెద్దది. మేము తెచ్చుకున్న ఉగ్గాని, ఓళిగలు ఆ చెట్ల దగ్గరి బల్ల మీదే తిన్నాము.

లోయలోకి దిగిన తరువాత చూసిందంతా ఒక ఇంటి గొడవలాంటిది. చెప్పకుండా ఉండలేము, ఎందుకంటే మనలో చాలామందిమి లాస్ ఏంజెలెస్ నీళ్ళు తాగుతున్నాము. సియెర్రా తూర్పు వాలున కరిగిన మంచు కూడా కొంత ఉంది. అది ఓవెన్స్ నది. వాన 5 అంగుళాలే అయినా ఆ నది వల్ల లోయ పచ్చగా ఉండేది. ఇక్కడి పైయూట్ జాతివారు తెల్లవాళ్ళు రాకముందే కాలువలు తవ్వి గడ్డిదుంపలు సాగుచేశారు. 1863లో సైనికులు వాళ్ళను వందలకొద్దీ నడిపించి ఫోర్ట్ టెహోన్‌కు తరలించారు. వాళ్ళ నీళ్ళ మీద తెల్ల రైతులు ఆపిల్ తోటలు వేశారు. ఆ తరువాత నగరం వచ్చి రైతుల భూములను నీళ్ళతో సహా కొన్నది. విలియం మల్హాలండ్ అనే ఇంజనీరు 233 మైళ్ళ కాలువ కట్టించాడు. 1913 నవంబరు 5న నీళ్ళు వదిలారు. ఒక్క పంపు లేదు, దారి పొడుగునా నీరు తన బరువుతో తానే పారుతుంది. ఇంజనీరింగ్ పనిగా చూస్తే చేతులెత్తి దండం పెట్టాల్సిందే. 1924లో రైతులు కాలువకు డైనమైట్ పెట్టారు, అలబామా తూముల దగ్గర నాలుగు రోజులు నీళ్ళు ఆపారు. ఐనా ఆగలేదు. 1970లో రెండో కాలువ కూడా వచ్చింది. ఈ ప్రాంతంలో నగరానికి నేటికీ మూడు లక్షల ఎకరాలకు పైగా భూమి ఉంది.

"ఎకరా ఎంతకు కొన్న్యారు?" అని నాన్నగారు అడిగింది మాంజనార్ దగ్గర. స్పానిష్ భాషలో ఆ మాటకు ఆపిల్ తోట అని అర్థం. నగరం భూములు కొన్న తరువాత ఊరు ఖాళీ అయింది. 1942లో ఆ ఖాళీ ఊరికి ప్రభుత్వం ముళ్ళకంచె వేసి, పదివేల మందికి పైగా జపాను సంతతివారిని తెచ్చి పెట్టింది. ఎక్కువమంది లాస్ ఏంజెలెస్ వాళ్ళు, అమెరికాలో పుట్టిన పౌరులే. పలకల సందుల్లోనుంచి దుమ్ము పక్కల మీదికి కొట్టేదట. వదిలేసిన ఆపిల్, బేరీ చెట్లను వాళ్ళు కత్తిరించి, నీళ్ళు పోసి మళ్ళీ కాయించారు. ఆసుపత్రి వాళ్ళ వైద్యులే నడిపారు. దాని పునాదుల దగ్గర మేమిద్దరం కొంచెం ఎక్కువసేపే నిలబడ్డాము. కొన్ని చెట్లు ఇంకా ఉన్నాయి.

ఇక లోన్ పైన్ దాటాక ఓవెన్స్ సరస్సు. సరస్సు అన్నది పేరుకే. వంద చదరపు మైళ్ళకు పైబడిన ఈ సరస్సు, నది పక్కకు పోయాక 1920లలోనే ఎండిపోయింది. అడుగున మిగిలింది ఉప్పుపొడి లాంటి క్షారపు దుమ్ము. పది మైక్రాన్ల లోపు రేణువు ముక్కు వెంట్రుకలకు చిక్కకుండా ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. ఘనమీటరు గాలిలో ఈ రేణువులు రోజుకు సగటున 150 మైక్రోగ్రాములు మించకూడదని ఈ దేశపు నియమం. గాలి లేచిన రోజున ఇక్కడ అది ఎన్నో రెట్లు దాటేది. ఒకప్పుడు అమెరికాలో ఇలాంటి దుమ్ముకు ఇంతకు మించిన చోటు మరొకటి లేదు. అందులో ఆర్సెనిక్ కూడా ఉంది. ఉబ్బసం ఉన్నవాళ్ళకు ఇది ఏం చేస్తుందో మేము వేరే చెప్పనక్కర్లేదు. కేసులు నడిచాక 2000 తరువాత నగరం ఆ దుమ్మును అణచడానికి కొన్నిచోట్ల పలుచగా నీళ్ళు నిలిపింది, కొన్నిచోట్ల గడ్డి, కొన్నిచోట్ల కంకర. ఖర్చు రెండు వందల కోట్ల డాలర్లు దాటింది. నీళ్ళు నిలిపిన చోట పక్షులు వేలకొద్దీ తిరిగి వచ్చాయి, మేమూ చూశాము.

వాన పడకపోవడం కొండ పని. కాని ఈ దుమ్ము కొండ పని కాదు, కొండ మంచు రూపంలో ఇవ్వదలచుకున్న నీటిని ఎవరు ఎటు తీసుకుపోయారన్నదాని ఫలితం. మా జిల్లాకూ ఇదే లెక్క వర్తిస్తుంది, తిరగేసి. పెన్న పుట్టిన నంది కొండలు కూడా చాటునే ఉన్నాయి కనుక అది ఎండిన ఏరు. తుంగభద్ర కనుమల్లో పుట్టింది కనుక నిండుగా వస్తుంది. హోస్పేట ఆనకట్ట నుంచి ఎగువ కాలువ ఆ నీళ్ళు కొంత అనంతపురానికి తెస్తుంది. ఆగుంబె వైపు పడ్డ వానే వంకర దారిలో చాటుకు వచ్చిందన్నమాట. శ్రీశైలం నుంచి హంద్రీ-నీవా కూడా వస్తున్నది, కాని దాన్ని మెట్టుమెట్టుకూ కరెంటుతో ఎత్తిపోయాలి. ఇవేవీ అందని ఊళ్ళకు మిగిలింది బోరు. బోరు లోతుకు పోయేకొద్దీ ఫ్లోరైడు. కర్నూలులో చదివే రోజుల్లో, పళ్ళు గారపట్టి, నడుములు వంగని రోగులను మేము వార్డులో చూశాము. ఆ ఎముకలకు మందు లేదు.

ఆ రాత్రి లోన్ పైన్ మోటెల్ నుంచి తమ్ముడికి ఫోను చేశాము. ఇక్కడ ఎనిమిది, అక్కడ పొద్దున ఎనిమిదిన్నర. నాన్నగారు స్పీకరు పెట్టమన్నారు.

"బోరు వద్దు నాయనా. నాలుగు పోయినంక ఐదోది యాడ నిలుస్తాది? గుట్ట మీది రెండెకరాలు మరలోల్లకు ఇయ్యి. చేను మాత్రం అమ్మొద్దు. అమ్మినోల్ల చేను చూసినా ఈపొద్దు. వచ్చే ముంగారుకు శెనక్కాయ తగ్గించి కొర్ర, కంది ఏద్దాం."

తమ్ముడు, "సరే, నువ్వు వచ్చినంక మాట్లాడుదాం" అన్నాడు. వాడికి పూర్తిగా నచ్చినట్టు లేదు.

నాలుగో రోజు డెత్ వ్యాలీ. సియెర్రా దాటాక ఇంకా ఆర్గస్, పానమింట్ అని రెండు బారులు అడ్డు. తీరపు కొండలతో కలిపి నాలుగు గోడలు దాటిన గాలికి ఏం మిగులుతుంది? ఫర్నెస్ క్రీక్‌లో ఏడాది వాన రెండంగుళాల పైచిలుకు. 1929లో ఒక్క చుక్క నమోదు కాలేదు. 1913 జూలై 10న 134 డిగ్రీల ఫారన్‌హీట్. బాడ్‌వాటర్ సముద్ర మట్టానికి 282 అడుగులు కింద ఉంది. గాలి అంత లోతుకు దిగి ఇంకా నలిగి ఇంకా వేడెక్కుతుంది. అక్కడినుంచి 14,505 అడుగుల విట్నీ శిఖరం కాకి దారిన 85 మైళ్ళే. టయోగాలో తాగి బిరడా బిగించిన ఖాళీ ప్లాస్టిక్ సీసా ఇక్కడికి వచ్చేసరికి ఎవరో పిడికిట పట్టి నలిపినట్టు అయింది. చిన్నవాడు దాన్ని ఇంటికి తెచ్చుకుని బడిలో చూపించాడు.

ఈ ఎడారికి మృత్యులోయ అని పేరు పెట్టింది 1849-50 చలికాలంలో దారితప్పిన బంగారపు వేటగాళ్ళు. టింబిషా షొషోనీ జాతివారు మాత్రం ఎన్నో తరాలుగా ఇక్కడ కాపురం ఉన్నారు, ఇప్పటికీ ఫర్నెస్ క్రీక్‌లో ఉన్నారు. 2023 ఆగస్టు 20న హిలరీ తుఫాను దక్షిణం నుంచి, అంటే ఈ గోడలు అడ్డులేని దారిన వచ్చి ఒక్క రోజులో 2.2 అంగుళాలు కురిసింది. ఏడాది వాన ఒక పూటలో. బాడ్‌వాటర్ దగ్గర సరస్సు నిలిచి, జనం కొన్నాళ్ళు పడవలు కూడా వేసుకున్నారు. మేము వెళ్ళేసరికి మళ్ళీ తెల్లని ఉప్పు. నాన్నగారు చిటికెడు నోట్లో వేసుకుని, వంటకు పనికొస్తుందని తీర్పు చెప్పారు.

వెళ్ళదలచుకున్నవారికి రెండు మాటలు. టయోగా రోడ్డు నవంబరు నుంచి మే చివరిదాకా, ఒక్కో ఏడు జూన్ దాటి కూడా, మంచుకు మూసి ఉంటుంది. డెత్ వ్యాలీకి జూన్ నుంచి సెప్టెంబరు దాకా వెళ్ళకండి. రెండూ కుదిరేది అక్టోబరులోనే. గుండె జబ్బు, ఉబ్బసం ఉన్న పెద్దవాళ్ళను పదివేల అడుగులకు తీసుకుపోయే ముందు వాళ్ళ డాక్టరును అడగండి. ఓవెన్స్ సరస్సు వైపు తెల్లగా దుమ్ము లేస్తుంటే కారు అద్దాలు ఎత్తుకోండి. లోన్ పైన్‌లో పెట్రోలు నింపుకోండి, మనిషికి రోజుకో గాలన్ చొప్పున నీళ్ళు పెట్టుకోండి. మాంజనార్‌కు కనీసం రెండు గంటలు ఉంచుకోండి, పిల్లలు అక్కడ ప్రశ్నలు అడుగుతారు.